పాల సంఘం భవనానికి గోబర్ గ్యాస్ ఇంజను ఎంతది కావాలి? – కరెంటు, వేడినీళ్ళ లెక్క కట్టే పాఠం



నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో తనిఖీకి వెళ్ళినప్పుడు పాలక వర్గం వారు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. “అయ్యా, మన సభ్యుల దొడ్లలో పేడకు కొదవ లేదు. గోబర్ గ్యాస్‌తో ఇంజను నడిపి కూలరుకు కరెంటు, క్యాన్లు కడగడానికి వేడినీళ్ళు రెండూ తీసుకోవచ్చునంటున్నారు. మన సంఘానికి ఎంత ఇంజను పెట్టమంటారు?”

అడగవలసిన ప్రశ్నే. అయితే “ఎంత” అన్నదానికి జవాబు అమ్మకందారు కాగితంలో దొరకదు. సంఘం రిజిస్టర్లలో దొరుకుతుంది. ఆ లెక్క మీరే కట్టుకొనేటట్లు చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా ఒక అనుభవం. పేరు అనవసరం. ఒక సంఘం భవనంలో ఉన్న మోటార్లన్నింటి రేకుల మీది అంకెలు కూడి, దానిపైన “ఎందుకైనా మంచిది” అని మరికొంత కలిపి 15 కె.వి.ఏ. సెట్టు కొన్నారు. పని చేసేటప్పుడు దాని మీద పడిన భారం 3 కిలోవాట్లు. అంటే నాలుగో వంతు. గ్యాసు ఎక్కువ తాగింది, ప్లగ్గులకు మసి పట్టింది, పేడ చాలలేదు. ఏడాది తిరగకముందే షెడ్డుకు తాళం పడింది. అప్పు వాయిదాలు మాత్రం పాల బోనసులో నుంచి పోయాయి. నష్టపోయింది ఇంజను అమ్మినవారు కాదు, ఒక గేదె, రెండు గేదెలు పెట్టుకొని పాలు పోసిన సభ్యులు. అందుకే ఈ లెక్క నేర్చుకోవాలి.

1. జంట ఉత్పత్తి అంటే ఏమిటి?

ఏ ఇంజనైనా ఇంధనంలోని శక్తినంతా కరెంటుగా మార్చలేదు. చిన్న గ్యాసు ఇంజనులో 100 పాళ్ళ ఇంధనం మండితే సుమారు 22 పాళ్ళు కరెంటవుతుంది. 30 పాళ్ళు ఇంజను చుట్టూ తిరిగే చల్లార్పు నీటిలోకి, మరో 30 పాళ్ళు పొగ గొట్టంలోకి పోతాయి. మిగిలినది షెడ్డును వేడెక్కించి వృథా అవుతుంది. ఆ పోయే వేడిని పట్టి పనికి పెట్టుకోవడాన్నే జంట ఉత్పత్తి అంటారు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు పిప్పి కాల్చి ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరితో ముందు టర్బైను తిప్పి కరెంటు తీస్తారు. టర్బైను వదిలిన ఆవిరితోనే రసం మరిగిస్తారు. కరెంటు, వేడి రెండూ ఒకే చోట, ఒకే వేళకు కావాలి కనుక అక్కడ అది బాగా కుదిరింది. “ఒకే చోట, ఒకే వేళకు” అన్న మాట గుర్తుంచుకోండి. పాఠమంతా దాని మీదనే ఆధారపడి ఉన్నది.

2. మొదటి లెక్క: కరెంటు ఎంత కావాలి?

ఉదాహరణకు ఒక సంఘం అనుకుందాము. ఉదయం 500 లీటర్లు, సాయంత్రం 500 లీటర్లు పాలు. 1,000 లీటర్ల బల్క్ కూలరు. ట్యాంకరు రోజుకొకసారి వస్తుంది.

500 లీటర్ల పాలు సుమారు 515 కిలోలు. పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దింపాలి, అంటే 31 డిగ్రీలు. ఒక కిలో పాలు ఒక డిగ్రీ చల్లబడటానికి 0.93 కిలో కేలరీల వేడి తీయాలి.

515 × 31 × 0.93 = సుమారు 14,850 కిలో కేలరీలు.

ఒక యూనిట్ కరెంటు 860 కిలో కేలరీలకు సమానం. 14,850ని 860తో భాగిస్తే 17.3 యూనిట్ల వేడి. కంప్రెసరు ఒక యూనిట్ కరెంటు తీసుకొని అంతకు రెండు మూడు రెట్ల వేడిని బయటకు తోస్తుంది. బయట ఎంత వేడిగా ఉంటే దాని పని అంత కష్టం. రెంటచింతల ఎండలు ఎరిగిన మనం రెండున్నర రెట్లకు మించి వేసుకోరాదు. 17.3ను 2.5తో భాగిస్తే 6.9 యూనిట్లు. రెండు పూటలకు 13.8 యూనిట్లు.

పాలు కలిపే మోటారుకు, రాత్రంతా చల్లదనం నిలపడానికి 2.2 యూనిట్లు. వెన్న పరీక్ష యంత్రం, తూకం, కంప్యూటరు, దీపాలు, నీళ్ళ మోటారుకు 4 యూనిట్లు. మొత్తం రోజుకు 20 యూనిట్లు.

ఇందులో 18 యూనిట్లు ఉదయం 3 గంటలు, సాయంత్రం 3 గంటలలో పడేటట్లు పనులు సర్దుకోవచ్చు. 18ని 6 గంటలతో భాగిస్తే 3 కిలోవాట్లు. ఇంజను మీద నిలకడగా పడే భారం ఇదే. తక్కిన 2 యూనిట్లకు లైను కరెంటే మేలు. రాత్రి ఒక దీపం కోసం ఇంజను నడపడం దండుగ.

రేకుల మీది అంకెలు కూడితే ఎంత వచ్చేదో చూడండి. కంప్రెసరు 3, నీళ్ళ మోటారు 1.5, నీళ్ళు కాచే హీటరు 3, తక్కినవి 1.25. కలిపితే 8.75 కిలోవాట్లు. కాని ఇంజను వేడితో నీళ్ళు కాగితే హీటరు అక్కరలేదు. నీళ్ళ మోటారు మరో వేళ నడపవచ్చు. భారం 3 కిలోవాట్ల దగ్గరకు దిగుతుంది.

అయితే మోటారు లేచేటప్పుడు కొన్ని క్షణాలు మామూలు కంటే అనేక రెట్లు కరెంటు లాగుతుంది. దానికోసం మెల్లగా లేపే స్టార్టరు అమర్చి 5 కిలోవాట్ల సెట్టు తీసుకుంటే సరిపోతుంది. 5లో 3 అంటే నూటికి 60 వంతుల భారం. ఇంజను మీద భారం సగానికి తగ్గకుండా చూసుకోవడం మంచిది.

3. రెండవ లెక్క: వేడి ఎంత కావాలి?

ట్యాంకరు పాలు తీసుకుపోయిన తరువాత కూలరు కడగాలి. రెండు పూటలా క్యాన్లు, మూతలు, కొలతలు, పరీక్ష సామాను కడగాలి. మన ఉదాహరణ సంఘానికి రోజుకు 70 డిగ్రీల వేడినీళ్ళు 300 లీటర్లు అనుకుందాము. బావి నీరు 30 డిగ్రీలు.

300 × 40 = 12,000 కిలో కేలరీలు. అంటే సుమారు 14 యూనిట్లు.

ఇక ఇంజను ఏమిస్తుందో చూద్దాం. 18 యూనిట్ల కరెంటు పుట్టాలంటే, నూటికి 22 పాళ్ళ లెక్కన, ఇంధనంలో 82 యూనిట్ల శక్తి పోయాలి. అందులో చల్లార్పు నీటిలోకి వచ్చేది 30 పాళ్ళు, అంటే 24.6 యూనిట్లు. అయిదింట నాలుగు వంతులు పట్టగలిగితే 19 యూనిట్లకు పైన. కావలసినది 14. అంటే చల్లార్పు నీటి వేడి ఒక్కటే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొగ గొట్టానికి కూడా వేడి పట్టే పరికరం బిగిస్తామని అమ్మకందారు అంటాడు. ఈ సంఘానికి అది అనవసరం. పైగా గోబర్ గ్యాసులో కుళ్ళిన గుడ్డు వాసన వేసే గంధకపు వాయువు ఉంటుంది. పొగ బాగా చల్లబడితే ఆ గంధకం ఆమ్లమై గొట్టాన్ని తినేస్తుంది. అక్కరలేని వేడి కోసం డబ్బు పెట్టి తుప్పు కొనుక్కోరాదు.

మరొక సంగతి. ఇంజను చల్లార్పు నీటినే క్యాన్లు కడగడానికి వాడరాదు. అందులో నూనె, తుప్పు నిరోధించే మందులు ఉంటాయి. ఆ నీరు మూసిన గొట్టంలో తిరుగుతూ, తొట్టిలోని శుభ్రమైన నీటికి వేడి మాత్రమే ఇచ్చి వెనక్కు పోవాలి. తొట్టికి మందమైన కవచం వేస్తే ఉదయం కాగిన నీరు మధ్యాహ్నం ట్యాంకరు వెళ్ళాక కూడా పనికి వస్తుంది.

4. మూడవ లెక్క: పేడ ఎంత కావాలి?

గోబర్ గ్యాసు ఒక ఘనమీటరులో సుమారు 5,000 కిలో కేలరీలు, అంటే 5.8 యూనిట్ల శక్తి ఉంటుంది. 82ని 5.8తో భాగిస్తే రోజుకు 14 ఘనమీటర్లు. పచ్చి పేడ 25 కిలోలకు ఒక ఘనమీటరు గ్యాసు వస్తుంది. 14 × 25 = 350 కిలోలు.

కాని చలికాలంలో గ్యాసు తగ్గుతుంది. పేడను పులియబెట్టే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది. మార్గశిర, పుష్య మాసాల్లో నూటికి 30 వంతులు తగ్గినా 14 ఘనమీటర్లు రావాలంటే 20 ఘనమీటర్ల ప్లాంటు కావాలి. దానికి రోజుకు 500 కిలోల పేడ, దాదాపు అంతే నీరు. ఇంజనులో మిగిలిన వేడితో పేడ కలిపే నీటిని గోరువెచ్చగా చేస్తే చలికాలపు లోటు కొంత తీరుతుంది.

కట్టేసి మేపే గేదె రోజుకు 15 కిలోల వరకు పేడ వేస్తుంది. బీడుకు పోయే గేదె పేడ సగం బీడులోనే పడుతుంది. చేతికి దక్కేది 10 కిలోలని వేసుకోండి. అంటే 50 గేదెల పేడ ప్రతిరోజూ తప్పకుండా రావాలి. అవి సంఘానికి నడక దూరంలో ఉండాలి. ట్రాక్టరు మీద పేడ తోలితే లాభం డీజిలులోనే పోతుంది.

నీటి సంగతీ మరువరాదు. సాగర్ కుడి కాలువ పారే ఊళ్ళకు 500 లీటర్లు పెద్ద మాట కాదు. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు మెట్ట ఊళ్ళలో వేసవిలో అదే పెద్ద మాట. క్యాన్ల మొదటి కడుగు నీళ్ళు, పాల తెలుపు ఉన్నవి, పేడలో కలపవచ్చు. సోడా, ఆమ్లం కలిసిన కడుగు నీళ్ళు కలిపితే సూక్ష్మజీవులు చస్తాయి.

గ్యాసు రోజంతా పుడుతుంది, ఇంజను రెండు పూటలే తాగుతుంది. గంటకు 0.58 ఘనమీటరు చొప్పున, నడక లేని 9 గంటల్లో 5.25 ఘనమీటర్లు కూడుతుంది. కనుక కనీసం 6 ఘనమీటర్ల నిల్వ జాగా ఉండాలి. లేకుంటే పేడ మనది, గ్యాసు గాలిది అవుతుంది.

5. నాలుగవ లెక్క: అసలు ఇంజను కావాలా?

ఈ లెక్కను చాలామంది దాటవేస్తారు. నా దృష్టిలో ముఖ్యమైనది ఇదే.

కూలరు వెనుక నిలబడితే వేడిగాలి ముఖాన కొడుతుంది. ఆ వేడి ఎక్కడిది? మన గేదెల పాలలోది. రెండు పూటల పాల వేడి 34.6 యూనిట్లు, దానికి కంప్రెసరు కరెంటు 13.8 కలిస్తే రోజుకు 48 యూనిట్లకు పైగా వేడిని మనమే గాలిలో కలుపుతున్నాము. కంప్రెసరు నుంచి వచ్చే వేడి గొట్టానికి నీటి తొట్టి ఒకటి అమర్చితే 300 లీటర్ల నీటిని 30 నుంచి 50 డిగ్రీలకు తేవచ్చు. అంటే 6,000 కిలో కేలరీలు, 7 యూనిట్లు. సగం పని అయిపోయినట్లే. ఇంధనం ఖర్చు లేదు, పైగా కంప్రెసరుకూ భారం తగ్గుతుంది.

మిగిలిన 7 యూనిట్ల వేడిని గోబర్ గ్యాసు పొయ్యి మీద తెచ్చుకుంటే ఎంత గ్యాసు? పొయ్యి నూటికి 55 పాళ్ళు పని చేస్తుంది. 7ను 5.8 × 0.55తో భాగిస్తే 2.2 ఘనమీటర్లు. 55 కిలోల పేడ. ఆరు గేదెలు చాలు! ఎండ పుష్కలంగా ఉన్న మన సీమలో సూర్యరశ్మితో నీళ్ళు కాచే పరికరం పెట్టినా ఈ పని జరుగుతుంది.

చూశారా? వేడినీళ్ళ కోసమే అయితే 50 గేదెల పేడ, ఇంజను, మెకానిక్కు అవసరం లేదు. వేడికి చౌకదారి దొరికిన తరువాత ఇంజను ఖర్చును కరెంటు ఒక్కటే మోయాలి. 18 యూనిట్లు మోయగలవా?

యూనిట్ 8 రూపాయలని లెక్క కోసం అనుకుందాము. మీ బిల్లు మీది రేటు మీరు వేసుకోండి. 18 × 8 = రోజుకు 144 రూపాయలు. వేడినీళ్ళు కూడా ఇదివరకు కరెంటు హీటరుతోనే కాస్తున్న సంఘమైతే 32 × 8 = 256 రూపాయలు. ఇక ఖర్చులు: ఆయిలు, ప్లగ్గులు, గంధకం తీసే ఇనుప రజను, మనిషి కూలి, అప్పు మీద వడ్డీ. ఆపైన పేడ. కిలో అర్ధ రూపాయి ఇచ్చినా 500 కిలోలకు 250 రూపాయలు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో పేడ కొనుగోలు పథకం పెట్టి కిలోకు 2 రూపాయలు ఇచ్చింది. ఆ ధర అయితే రోజుకు 1,000 రూపాయలు. పేడను డబ్బిచ్చి కొని కరెంటు తీస్తే నిలవదని దీనివల్ల తేలుతున్నది.

మరి ఎప్పుడు నిలుస్తుంది? మూడు సందర్భాలలో.

మొదటిది, కరెంటు కోత ఎక్కువగా ఉండి డీజిలు సెట్టు మీద ఆధారపడిన చోట. చిన్న డీజిలు సెట్టు లీటరుకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. లీటరు ధరను 3తో భాగించి చూడండి. లైను కరెంటుకు అనేక రెట్లు అవుతుంది. మీ లాగ్ పుస్తకంలో డీజిలు గంటలు ఎక్కువగా ఉంటే గ్యాసు ఇంజను ఆలోచించదగినదే.

రెండవది, పేడ ఇచ్చిన సభ్యుడికి స్లర్రీ తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉన్నచోట. గ్యాసు తీసినందువల్ల పేడలోని ఎరువు బలం పోదు, నత్రజని అందులోనే ఉంటుంది. మిరప, పత్తి రైతులకు అది విలువైనది. గుజరాత్‌లో ఆణంద్ జిల్లా జకరియాపుర గ్రామంలో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఆధ్వర్యాన మహిళలు ఇంటింటా గోబర్ గ్యాసు పెట్టుకొని, వంటకు గ్యాసు వాడుకొని, మిగిలిన స్లర్రీని అమ్ముకునే పద్ధతి నడిపారు. అక్కడ ఆదాయం ఇచ్చింది కరెంటు కాదు, స్లర్రీ.

మూడవది, రోజంతా వేడి, కరెంటు రెండూ కావలసిన పెద్ద కేంద్రాలు. ఇంజనీర్లు సాధారణంగా ఏడాదికి 4,000 నుంచి 5,000 గంటలైనా నడిస్తేనే జంట ఉత్పత్తి గిట్టుతుందంటారు. మన గ్రామ సంఘంలో 6 × 365 = 2,190 గంటలే. పాలు కాచి ప్యాకెట్లు కట్టే డెయిరీలో ఆ గంటలు సులభంగా దాటుతాయి. వారణాసి పాల యూనియన్ వారి రామ్‌నగర్ ప్లాంటుకు 2021 డిసెంబరు 23న పేడ గ్యాసుతో కరెంటు తీసే కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఆ స్థాయికి తగిన పనిని మన గ్రామ భవనంలో యథాతథంగా దింపుకోరాదు. ఏనుగు అంబారీ గేదె మీద వేసినట్లవుతుంది.

6. పెట్టదలచినవారు పాటించవలసిన జాగ్రత్తలు

ముందుగా ఏడాది పాటు నెలనెలా యూనిట్లు, కోత గంటలు, వేడినీళ్ళ లీటర్లు రాసిపెట్టండి. ఆషాఢంలో చూసిన పాలు మాఘంలో ఉండవు. మాఘంలో చూసిన పాలు చైత్రంలో ఉండవు. ఇంజనును పాలు తక్కువగా ఉండే నెలల భారానికి దగ్గరగా ఎంచుకొని, ఎక్కువ పాల నెలల్లో చాలని దానికి లైను కరెంటు వాడుకోండి. సంవత్సరంలో కొద్దిరోజుల అవసరానికి పెద్ద ఇంజను కొనరాదు.

పేడ గుంత, ఇంజను షెడ్డు పాల గదికి దూరంగా, గాలివాలుకు కింద ఉండాలి. ఈగ, వాసన పాలను చేరరాదు. ఇంజను గది రెండు వైపులా తెరచి ఉండాలి. మూసిన గదిలో పొగ ప్రాణం తీస్తుంది. గ్యాసు గొట్టం దగ్గర చుట్ట, బీడీ వద్దు. ఖాళీ చేసిన గుంతలోకి కూడా ఎవరినీ ఒంటరిగా దింపరాదు. పడినవాణ్ణి తీయబోయి రెండోవాడు పడిన ప్రమాదాలు అనేకం. గాలి ఆడించి, తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడిన తరువాతనే నేర్చిన మనిషి దిగాలి.

చివరగా పేడ సంగతి. పేడ ఉచితం అని పాలక వర్గం తీర్మానంలో ఎన్నడూ రాయకండి. భూమి లేని ఇల్లాలికి పేడ అంటే పొయ్యిలోకి పిడక, అమ్ముకుంటే నాలుగు రూపాయలు. భూమి ఉన్న రైతుకు ఎరువు. “సంఘం పనికి” అని బకెట్టు పట్టుకుపోతే నాలుగు నెలల్లో పేడ రావడం ఆగుతుంది. పాల పుస్తకంలో కొవ్వు శాతం రాసినట్లే పేడ తూకమూ రాయండి. దానికి సరిపడ స్లర్రీ గాని, డబ్బు గాని ఇవ్వండి. భూమి లేనివారికి డబ్బు, ఉన్నవారికి స్లర్రీ అన్నది న్యాయమైన పద్ధతి. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన సీమ మనది. ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకరి విస్తరి ఖాళీగా ఉంచితే అది సహకారం అనిపించుకోదు.

గుర్తుంచుకోవలసినవి

ముందు వృథా ఆపండి, తరువాత పాల వేడి పట్టండి, ఆ తరువాత సూర్యరశ్మి లేదా గ్యాసు పొయ్యి, అన్నిటికీ చివర ఇంజను. ఇంజను కొలత రేకుల మొత్తాన్ని బట్టి కాదు, రోజూ నిలకడగా పడే భారాన్ని బట్టి. వేడి అవసరానికి మించి పుట్టించరాదు. పేడ లెక్క చలికాలానికి కట్టాలి.

అభ్యాసం

మీ సంఘంలో పూటకు 300 లీటర్ల పాలు, రోజుకు 200 లీటర్ల వేడినీళ్ళు అనుకోండి. పై పద్ధతిలో (క) పాలు చల్లార్చడానికి రోజుకు ఎన్ని యూనిట్లు, (ఖ) వేడినీళ్ళకు ఎన్ని యూనిట్లు, (గ) పాల వేడితో 50 డిగ్రీలు వచ్చాక మిగిలిన వేడికి గ్యాసు పొయ్యి అయితే ఎన్ని కిలోల పేడ కావాలో కట్టండి. జవాబులు: (క) సుమారు 8.3, (ఖ) సుమారు 9.3, (గ) సుమారు 36 కిలోలు, అంటే నాలుగు గేదెలు.

కార్యదర్శిగారు ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి, వచ్చే సర్వసభ్య సమావేశంలో సభ్యులందరి ఎదుట చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాను. అంకె అందరికీ అర్థమైన తరువాత చేసిన తీర్మానమే సంఘానికి క్షేమం.